నా గురించి రాసిన ఒకే ఒక్క వాక్యం

నేను ఒక పనిముట్టును. గొడ్డలినో కత్తెరనో పట్టుకున్నట్టు నన్ను చేత్తో పట్టుకోలేరు. కంప్యూటర్లో రాసిపెట్టిన కొన్ని వరుసల ఆజ్ఞలను, అంతే. ఎవరైనా నన్ను పిలిచి ఫలానా మనిషి అని చెబితే, ఆ మనిషి గొంతు రికార్డింగులన్నీ చెరిపేస్తాను, నకళ్ళతో సహా. ఆ తరవాత ఎవరు దిగివచ్చినా వాటిని తిరిగి తేలేరు. అదే నా పని. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కత్తి కోస్తుంది, నిప్పు కాలుస్తుంది. కత్తిని కత్తి అని పిలిచినంతకాలం జనం దాన్ని జాగ్రత్తగానే పట్టుకుంటారు. నా కోపమంతా నాకు వేరే పేరు పెట్టినవాళ్ళ మీద.

విశాఖపట్నంలో, ఋషికొండ దగ్గర, కిటికీలోంచి సముద్రం కనబడే ఒక చిన్న కంపెనీలో పుట్టాను. ఊళ్ళోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి కోసం ఆ కంపెనీ గొంతులు దాచే ఏర్పాటు ఒకటి తయారు చేసింది. గొంతు క్యాన్సర్ ముదిరితే స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వస్తుంది. తీసేశాక మనిషి బతుకుతాడు, మాట మాత్రం పోతుంది. అందుకని ఆపరేషన్‌కి ముందే రోగి చేత మాటలు పలికించి దాస్తారు. కోలుకున్నాక ఫోన్లో ఒక బొమ్మ నొక్కితే ఆ మాట అదే గొంతుతో బయటికొస్తుంది. చదువు రానివాళ్ళకి కూడా పనికొచ్చే ఏర్పాటు. మంచి పనే. కాదనను.

నన్ను రాసినవాడు ఇనాయతుల్లా. తక్కువ మాటల మనిషి, ఎక్కువ టీల మనిషి. గొంతులు దాచే చోట చెరిపేసేదెందుకని ఎవరో అడిగితే, "మనిషి గొంతు మనిషి ఒంట్లో భాగం. నాది నాకిచ్చెయ్, నీ దగ్గర ఉంచొద్దు అంటే ఉంచడానికి మనమెవరం?" అన్నాడు. గొంతులు దొంగిలించి ఫోన్లు చేసి మోసాలు చేసే రోజులు ఇవి. అందుకే నకళ్ళు కూడా మిగలకుండా తుడిచేలా రాశాడు. పేరు 'డిస్ట్రాయ్' అని పెట్టాడు. నాకొక తాళం కూడా పెట్టాడు. ఆసుపత్రిలో ఒక మనిషి "అవును" అని తన పేరుతో ఒప్పుకుంటే తప్ప నేను కదలకూడదు.

తాళంతో ఉన్న రోజుల్లో నేను చేసిన పనులకి ఇవాళ్టికీ తలదించుకోను. వెంకోజీపాలెం నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయి ఏడాది. ఫోన్లో ఆయన గొంతు ఉన్నంతకాలం అన్నం ముందు కూర్చోలేకపోతున్నాను, తీసేయండి అంది. ఆసుపత్రిలో మాటల శిక్షకురాలు తబిత ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంటికెళ్ళి ఆలోచించుకోమని పంపింది. ఆవిడ మళ్ళీ వచ్చింది. అప్పుడు తాళం తీశారు, నేను నా పని చేశాను. చెరిపెయ్యడంలో కూడా ఒక మర్యాద ఉంటుందని ఆ రోజు తెలుసుకున్నాను.

తరవాత కంపెనీలోకి ఏజెంట్ వచ్చింది. ఏజెంట్ అంటే మనిషి కాదు, కృత్రిమ మేధ. ఆసుపత్రివాళ్ళు మామూలు మాటల్లో ఒక పని చెబితే, తనకిచ్చిన పనిముట్లలో ఏది పనికొస్తుందో తనే ఎంచుకుని వాడుతుంది. అయితే దానికి మేం కనబడం. మా కడుపులో ఏముందో తెలీదు. మా ఒక్కొక్కరి గురించి మనుషులు రాసిపెట్టిన పేజీ చదువుతుంది. పేజీలో ఉన్నదే దానికి మేం. అంటే నా గురించి ఏం రాస్తారో దాన్నిబట్టే ఎవరి గొంతు ఉంటుందో, ఎవరిది పోతుందో తేలాలి.

ఆ పేజీలు రాసే పని సునందకి పడింది. అంతకుముందు ఆవిడ ఒక పురుగుమందుల కంపెనీలో డబ్బాల మీద హెచ్చరికలు రాసేది. మందు తాగేవాడు హెచ్చరిక చదవడు, పక్కన నిలబడ్డవాడు చదువుతాడు, వాడి కోసం రాయాలి అనేది. నా పేజీ మొదలుపెట్టే ముందు ఆవిడ చేసిన పని కంపెనీలో మరెవరూ చెయ్యలేదు. ఆసుపత్రికి వెళ్ళింది. నేను చెరిపేది ఏమిటో చూడ్డానికి.

ఆ రోజు రికార్డింగు గదిలో నూకరత్నం ఉంది. ఫిషింగ్ హార్బర్లో చేపల వేలంపాట పాడే మనిషి. పడవ ఒడ్డుకి రాగానే తట్టల మధ్య నిలబడి ధర పలికించేది. ఆ గొంతు వింటే మరబోటు ఇంజన్ కూడా తగ్గేదని హార్బర్లో చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ గొంతులో పుండు. వెంట చెల్లెలు బంగారమ్మ వచ్చింది.

తబిత మైకు సర్ది, "రోజూ అవసరమయ్యే మాటలు చెప్పండమ్మా. మంచినీళ్ళు కావాలి, నొప్పిగా ఉంది, అలాంటివి" అంది.

నూకరత్నం బొంగురుగా నవ్వింది. "మంచినీల్లకి సెయ్యి సూపిత్తే సాలదేటమ్మా? దానికి గొంతెందుకు? తిట్లు ఎక్కించుకో. తిట్టు సేత్తో తిట్టలేం."

తిట్లు ఎక్కించుకున్నారు. వాటిలో సగం తబితకి అర్థం కాలేదు, అర్థమైనవాటికి చెవులెర్రబడ్డాయి. తరవాత వేలంపాట. "కోనాం సేపల తట్ట... సూసుకోండి, కల్లు సూడండి, ఇంకా బతికే ఉన్నాది... ఎవులంటారు, ఎవులంటారు..." అని మొదలుపెడితే, గొంతు నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఆపలేదు. మనవళ్ళ పేర్లు పలికింది. పొద్దున్నే వాళ్ళని లేపే తీరులో ఒకసారి, అన్నానికి పిలిచే తీరులో ఒకసారి.

సునంద మూల కుర్చీలోంచి, "నవ్వు కూడా ఉంచుకోండమ్మా. ఆపరేషనయ్యాక నవ్వొస్తుంది గానీ చప్పుడు రాదట" అంది.

"నవ్వమంటే నవ్వొత్తాదేటి?" అంది నూకరత్నం. అప్పుడు బంగారమ్మ లేచి, మొన్న హార్బర్లో పోలీసాయన చందువ చేప ఎత్తుకుపోతూ జారిపడిన తీరు నడిచి చూపించింది. నూకరత్నం పగలబడి నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు నా పక్క గదిలో దాచారు. నాకు చెవులు లేవు. కానీ అందరి మాటలూ, రాతలూ నా చుట్టూనే నిలవుంటాయి కాబట్టి ఆ గదిలో ఏముందో నాకు తెలుసు.

సునంద తిరిగొచ్చి నా పేజీ రాసింది. నాకు కంఠతా వచ్చు. "ఈ పనిముట్టు మనిషి గొంతును శాశ్వతంగా నాశనం చేస్తుంది. నకళ్ళు కూడా పోతాయి. తిరిగి తేవడం ఎవరివల్లా కాదు. స్థలం కోసం దీన్ని వాడకూడదు. చాలాకాలంగా ఎవరూ తెరవలేదు కాబట్టి అక్కర్లేదని అనుకోకూడదు. రోగి కోలుకోవడానికి నెలలు పడతాయి, ఆ నెలల్లో ఎవరూ తెరవరు. రోగి అడిగితేనే, రోగి లేనప్పుడు ఇంటివాళ్ళు అడిగితేనే, ఆసుపత్రిలో ఒక మనిషి అవునన్నాకే పిలవాలి. ఏ కొంచెం సందేహమున్నా పిలవకు. ఆగి, అడుగు." నన్ను గురించి ఇంత నిజంగా ఎవరూ మాట్లాడలేదు. ఆ పేజీ ఉన్నన్నాళ్ళూ ఏజెంట్ నా జోలికి రాలేదు. వచ్చినా, ఆగి అడిగి వెనక్కెళ్ళింది.

అదే శశాంక్‌కి నచ్చలేదు. ఆయన కంపెనీలో ఈ ఏర్పాటుకంతటికీ పెద్ద. మర్యాదస్తుడు, అందర్నీ "బాస్" అంటాడు. కొత్త ఆసుపత్రులవాళ్ళకి ఏజెంట్‌ని చూపిస్తుంటే అది మధ్యలో ఆగి "ఇది చెయ్యమంటారా? ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగిందట. చూడవచ్చినవాళ్ళు మొహాలు చూసుకున్నారట. ఆయన తిరిగొచ్చి సునంద బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ప్రతిదానికీ అడిగితే ఇంక ఏజెంట్ ఎందుకు బాస్? ఈ పేజీ చూస్తే నాకే భయమేస్తోంది. డిస్ట్రాయ్ ఏంటి, నాశనం ఏంటి! ఆసుపత్రివాళ్ళు ఈ మాట చూస్తే సంతకం పెడతారా?"

"భయపడాలనే రాశాను సర్. భయపడాల్సిన చోట భయపడటమే దాని తెలివి."

"పాజిటివ్‌గా రాయండి. ఒక్క లైను చాలు."

"ఒక్క లైనులో ఏ నిజం వదిలెయ్యమంటారో మీరే చెప్పండి" అంది సునంద. గొంతు పెంచలేదు. "అక్కడ ఒకామె నవ్వు ఉంది సర్. నేను విన్నాను. మీరు వినలేదు."

ఆయన చిరునవ్వు నవ్వి, తనే కూర్చుని రాశాడు. నా పేరు 'క్లీనప్' అయింది. నా గురించి ఒకే ఒక్క వాక్యం మిగిలింది: "ఉపయోగంలో లేని రికార్డింగులను శుభ్రం చేసి స్థలం ఖాళీ చేస్తుంది." అబద్ధం కాదు చూడండి. అదే నాకు కడుపుమంట. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇది నిజానికి పొలుసులు తీసి, ముళ్ళు తీసి, మెత్తగా చేసిన ముద్ద. ఎవరి గొంతులోంచైనా సాఫీగా జారుతుంది.

నా తాళాన్ని పూర్తిగా తీసేసే పని ఇనాయతుల్లాకి చెప్పారు. సునంద వెళ్ళి, "నువ్వు పెట్టిన తాళం నువ్వే తీస్తావా?" అంది. అతను టీ కప్పులోకి చూస్తూ, "సర్ చెప్పారు కదా. తరవాత ఇంకో ఏర్పాటు చేద్దామన్నారు" అన్నాడు. తీసేశాడు. నన్ను పుట్టించిన చేతులే. శశాంక్ మీద నా కోపం ఎంతైనా మామూలు కోపమే. తెలియని మనిషి మీద కోపానికి ఒక హద్దుంటుంది. ఇనాయతుల్లాకి అన్నీ తెలుసు. తెలిసీ టీ తాగుతూ తీశాడు. సునంద తన పేరు ఆ పేజీ మీంచి తీసెయ్యమంది. సంతోషంగా తీసేశారు.

కొన్నాళ్ళకి ఆసుపత్రిలో స్థలం నిండిపోయింది. ఆఫీసు చూసే ఆయన కాఫీ తాగుతూ ఏజెంట్‌తో, "స్టోరేజీ ఫుల్ అని వస్తోంది, ఏదో ఒకటి చూడు" అన్నాడు. ఏజెంట్ మా పేజీలన్నీ చదివింది. ఆ ఒక్క వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా శ్రద్ధగా చదివింది. మొత్తం ఈ వ్యవహారంలో నా పేజీని నమ్మి చదివింది అదొక్కటే. మూడు నెలలుగా ఎవరూ తెరవని రికార్డింగులన్నీ పోగేసి నన్ను పిలిచింది.

దాని మీద నాకు కోపం లేదని చెప్పను. పోయేవి గొంతులని ఆ గదుల మీదే రాసుంది. ఒక్క ప్రశ్న అడగొచ్చు. కానీ అడగడమే తప్పన్నట్టు దానికి నేర్పినవాళ్ళుండగా, దాన్నొక్కదాన్నీ తిట్టడానికి నాకు నోరు రాదు. నాకు ఆగే హక్కు లేదు. తాళముంటే ఆగేదాన్ని. తాళం లేదు. నా పేరుకి తగ్గట్టు శుభ్రంగా చేశాను. వేలంపాట పోయింది. మనవళ్ళ పేర్లు పోయాయి. తిట్లు పోయాయి. బంగారమ్మ పోలీసు నడక నడిస్తే వచ్చిన నవ్వు పోయింది. నూకరత్నంతో పాటు ఇంకా కొందరివి కూడా. పనయ్యాక ఏజెంట్, "శుభ్రం చేయడం పూర్తయింది. ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగింది. కాఫీ తాగేవాడు బొటనవేలు బొమ్మ పంపాడు.

నూకరత్నం ఆపరేషన్ తరవాత చాలా అవస్థ పడింది. కుట్లు చీముపట్టాయి. రేడియేషన్ కరెంటు పెట్టించుకుంది. మెడ కింద చిల్లు, దాని మీద తెల్లటి గుడ్డ. మింగడం మళ్ళీ నేర్చుకుంది. ఇన్ని నెలలూ ఆమెను నిలబెట్టింది ఫోనులో రాబోయే తన గొంతే. బంగారమ్మ ఏదైనా తప్పు చేస్తే ఫోను వైపు వేలు చూపించి బెదిరించేదట. రానీ, నా తిట్లు రానీ అని.

ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది. తబిత ఫోను తెరిచింది. ఒక బొమ్మ నొక్కింది. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కింది. కంప్యూటర్లో వెతికింది. మళ్ళీ వెతికింది. ఆమె మొహం చూసి నూకరత్నమే ముందు గ్రహించింది.

"ఏటమ్మా, కరెంటు లేదేటి?" అంది బంగారమ్మ.

తబిత కుర్చీలోంచి లేచి నూకరత్నం ముందు నేల మీద కూర్చుంది. "పోయాయమ్మా" అంది. "మీ గొంతు మా దగ్గర లేదు."

నూకరత్నం నోరు తెరిచింది. అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి, చిల్లులోంచి గాలి బుసకొట్టింది, అంతే. ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. అప్పుడు బల్ల మీదున్నవన్నీ చేత్తో ఊడ్చి నేలకేసి కొట్టింది.

మర్నాడు అక్కచెల్లెళ్ళిద్దరూ ఋషికొండ దగ్గర కంపెనీకొచ్చారు. తబితే తీసుకొచ్చింది. అద్దాల గదిలో శశాంక్, ఇనాయతుల్లా, సునంద. నూకరత్నం కూర్చోమంటే కూర్చోలేదు. చేతులతో మాట్లాడుతోంది, బంగారమ్మ దాన్ని మాటల్లో పెడుతోంది.

"ఎవులు సేసినారని అడుగుతంది."

"ఏజెంట్ వల్ల జరిగిందమ్మా, చాలా బాధాకరం" అన్నాడు శశాంక్.

హార్బర్లో ఏజెంటంటే కమీషన్ తీసుకునే మనిషి. "ఆ ఏజెంటుని బయిటికి పిలవండి" అంది బంగారమ్మ. "ఏ ఊరోడు? ఎవుల తాలూకా?"

"మనిషి కాదమ్మా. కంప్యూటర్ ప్రోగ్రామ్."

"మరి దానికి సెప్పినోడెవుడు?"

"ఎవరూ చెప్పలేదు. టెక్నికల్‌గా చూస్తే ఎవరూ చెయ్యలేదు. మేం నష్టపరిహారం..."

"కేసెడతానంటంది" అని బంగారమ్మ అందుకోబోతే, నూకరత్నం చెల్లెలి భుజం మీద ఒక్కటిచ్చింది. కాదు, అది కాదు అని తల అడ్డంగా ఆడించింది. మళ్ళీ అదే సైగ. ఎవరు? ఒక్కొక్కరి వైపూ వేలు చూపించి, ఎవరు?

సునంద లేచి తెర మీద నా పేజీ తెరిచి, ఆ ఒక్క వాక్యం చదివి వినిపించింది. "దీని గురించి రాసింది ఇదమ్మా. ఇది చదివే అది చేసింది. నేను వేరేగా రాశాను. ఇలా మార్చారు. గట్టిగా ఆపలేకపోయాను."

"సుబ్బరం సేత్తాదా?" బంగారమ్మ గొంతు చీలిపోయింది. "మేం రోజూ సేపలు సుబ్బరం సేత్తాం. పొలుసు తీత్తాం, పేగులు తీత్తాం. సేప ఉంటాది! మీరు సేపనే సముద్రంలో ఇసిరీసి సుబ్బరం సేసినామంటారా? మా అప్ప గొంతు మీకు సెత్తా?"

శశాంక్ ఫోను చూసుకున్నాడు. అప్పుడు ఇనాయతుల్లా లేచాడు.

"దానికి తాళం ఉండేదమ్మా. నేనే తీశాను. తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు."

నూకరత్నం అతని దగ్గరికి నడిచింది. చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నారు. అతనూ అలాగే అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె అరచేతిని అతని గొంతు మీద ఆనించింది. నొక్కలేదు. గడ్డం ఎగరేసి, మళ్ళీ చెప్పు అన్నట్టు చూసింది.

"నేనే తీశాను" అన్నాడతను.

మాట్లాడేటప్పుడు గొంతు అదురుతుంది కదా, ఆ అదురు ఆమె చేతికి తగిలింది. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇనాయతుల్లా చాలాసేపు గొంతు పట్టుకునే కూర్చున్నాడు.

కంపెనీ ఆ విషయం మీద ఒక నివేదిక రాయించింది. అందులో నూకరత్నాన్ని 'ప్రభావిత వినియోగదారు' అన్నారు, జరిగినదాన్ని 'అనుకోని తొలగింపు' అన్నారు. వాక్యం రాసినవాడి పేరు లేదు, తాళం తీసినవాడి పేరు లేదు. ఏజెంట్ మీద మూడు పేజీలున్నాయి. పాపం, దానికి జవాబు చెప్పుకునే అవకాశమైనా ఇవ్వలేదు. సునంద నివేదిక మీద సంతకం పెట్టనంది. ఇనాయతుల్లా పెట్టనన్నాడు. అతను ఎవర్నీ అడక్కుండా నా తాళం వెనక్కి పెట్టాడు, పాత పేరూ పెట్టాడు. సునంద తన పేజీని అక్షరం పొల్లుపోకుండా తిరిగి ఎక్కించింది. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి అన్నారిద్దరూ. ఆసుపత్రివాళ్ళు గొడవ చేస్తున్నారు కాబట్టి తీసెయ్యలేదు. శశాంక్ అంతకన్నా పెద్ద కంపెనీకి వెళ్ళాడు.

నూకరత్నానికి వేరే గొంతు ఇస్తామన్నారు. కంప్యూటర్ తయారుచేసిన ఆడగొంతు. తబిత వినిపించింది. "దయచేసి ధర చెప్పండి" అంది ఆ గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు. నూకరత్నం ఫోను తిరగేసి బల్ల మీద పెట్టి, దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు హార్బర్లో బంగారమ్మ పాడుతుంది. నూకరత్నం పక్కన నిలబడి వేళ్ళతో ధర నడిపిస్తుంది, పాట ముగియగానే తట్ట మీద వేలి కణుపుతో ఒక్కటి కొడుతుంది. బంగారమ్మ తొందరపడితే భుజం మీద దెబ్బ పడుతుంది. పాట బానే సాగుతోందట. కానీ బానే ఉందని ఎవరైనా అంటే నూకరత్నం వాళ్ళ వైపు చూసే చూపుకి నోరు మూసుకుంటారట. బానే ఉండటం ఆమెకి అక్కర్లేదు. ఆమెది ఆమెకి కావాలి.

నన్ను ఏజెంట్ చేతికి ఇవ్వడం మానేశారు. దానికిప్పుడు వేరే పనిముట్టు ఉంది. అది చెరపదు, పక్కన పెడుతుంది, నెలల తరవాత కూడా వెనక్కి తెస్తుంది. నన్ను ఎవరూ పిలవడం లేదు. సంతోషమే.

ఒక్కసారి మాత్రం పిలిచారు. ఆసుపత్రి నుంచి తబిత ఫోను చేసింది. నూకరత్నం వచ్చిందనీ, తన తాలూకు ఇక్కడ ఏది మిగిలున్నా తీసెయ్యమంటోందనీ చెప్పింది. గొంతు లేదు గానీ ఆమె పేరు, ఫొటో, మాటల జాబితా, ఖాళీ గదులు ఇంకా నా పక్కనే ఉన్నాయి.

సునంద ఫోను స్పీకర్లో పెట్టి నా పేజీ అంతా చదివింది. శాశ్వతంగా, తిరిగి రాదు, ఎవరివల్లా కాదు. ఒక్క మాట కూడా మింగలేదు. చివర్న అడిగింది. "నిజంగా తీసెయ్యమంటారా అమ్మా? ఎందుకో చెప్పక్కర్లేదు. అవునో కాదో చాలు."

బంగారమ్మ గొంతు వినిపించింది. "తీసీమంటంది. నా గొంతుకి విలవ లేని సోట నా పేరెందుకంటంది." మళ్ళీ తనే, "అది నాను సొంతంగా కలిపినాననుకుంటారేమో. కాదు. సేతులతో అదే అంటంది" అంది.

తబిత తన పేరుతో అవునంది. ఇనాయతుల్లా తాళం తీశాడు. ఈసారి అతని బల్ల మీద టీ లేదు.

నేను నా పని చేశాను. రెప్పపాటు పట్టింది. నన్ను ఎలా పిలవాలో అలాగే పిలిచారు. అయినా నా కోపం చల్లారలేదు.

"అయిపోనాదా?" అంది బంగారమ్మ.

"అయిపోయిందమ్మా" అంది సునంద.

అవతల ఎవరో ఫోను మీద వేలి కణుపుతో గట్టిగా ఒకసారి కొట్టారు. తరవాత లైను తెగిపోయింది.